ఉపమాలంకారం అని గుర్తించాను సరే, ఆ తరువాత ఏమి రాయాలి?

తొలిపత్రం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం చదువుతున్నాను. నా మొదటి పరిశోధన పత్రానికి "బైబిలు కవిత్వంలోను పోతన భాగవతంలోను అలంకారాలు" అనే విషయం తీసుకున్నాను. ఈ రెండూ నాకు ఇంట్లోనే దొరికాయి. అమ్మమ్మ పొద్దున్నే కీర్తనల గ్రంథం పైకి చదివేది. నాన్నమ్మ దీపం పెట్టే వేళకు పోతన పద్యాలు చెప్పేది. చాలా పద్యాలు, చాలా వచనాలు అర్థం తెలియక ముందే నోటికి వచ్చాయి. అందుకే ఈ పత్రం బాగా రాయాలని నాకు గట్టిగా ఉంది.

మూడు నెలలు కూర్చుని ఒక నోటుపుస్తకం నింపాను. ఎడమవైపు వచనమో పద్యమో, కుడివైపు అలంకారం పేరు, కింద దాని లక్షణం. ఉదాహరణకు "యెహోవా నా కాపరి" (కీర్తన 23:1) రూపకం. "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు" (42:1) ఉపమ. సామెతలు 25:25లో దప్పిగొన్నవానికి చల్లని నీరు ఎట్లుండునో దూరదేశపు శుభవార్త అట్లుండును అని ఉంది, అదీ ఉపమే. పోతనలో ప్రహ్లాదుడు చెప్పే "మందార మకరంద మాధుర్యమునఁ దేలు" పద్యానికి మాలోపమ (ఒకే విషయానికి వరుసగా పోలికలు) అని రాశాను.

మా పర్యవేక్షకులు అంతా చదివి, చివరి పేజీలో పెన్సిలుతో ఒకే వాక్యం రాశారు: "ఇది పట్టిక. పత్రం ఎక్కడ?"

ఆ మాట నిజమేనని నాకూ అనిపిస్తోంది. కానీ పట్టిక నుంచి పత్రానికి దారి ఏదో తెలియడం లేదు. గుర్తించిన తరువాత ఏమి రాయాలి? ఇంకొక చిక్కు కూడా ఉంది. "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి, అంతరిక్షము ఆయన చేతిపనిని ప్రచురపరచుచున్నది" (19:1). ఇక్కడ రెండు భాగాలూ ఒకే మాట చెబుతున్నాయి. మన లాక్షణికుల (అలంకారశాస్త్రం రాసినవారి) లెక్కన పునరుక్తి అనాలేమో. కానీ అమ్మమ్మ గొంతులో విన్న ఆ వాక్యాన్ని దోషమని రాయడానికి నాకు చేయి రాలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

పాతపంతులు

అమ్మా, ఆ గడి ఖాళీగా వదిలేయడం మంచి పని. మీ పుస్తకంలో నిజమైన పరిశోధన మొదలైంది ఆ ఒక్క గడిలోనే. మిగిలిన చోట్ల మీకు సమాధానం ముందే తెలుసు. తెలిసిన సమాధానం రాస్తే అది పట్టికే అవుతుంది.

నేను ముప్పై ఏళ్ళు అలంకారశాస్త్రం పాఠం చెప్పాను. మొదటి పదేళ్ళూ విద్యార్థుల చేత పేర్లే చెప్పించాను. ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. పేరు పెట్టగానే ఆ పద్యం పని అయిపోయిందని పిల్లలు అనుకునేవారు. తరువాతి రోజుల్లో ఒక పద్ధతి అలవాటు చేసుకున్నాను, అదే మీకూ చెబుతాను. అలంకారాన్ని తీసేసి అదే విషయం మామూలు వచనంలో రాయండి. రాసినదాన్ని, పద్యాన్ని పక్కపక్కన పెట్టి చదవండి. వచనంలో ఏది రాలేదో చూడండి. మీరు రాయవలసింది దాని గురించే.

మీ మందార పద్యాన్నే తీసుకుందాం. దానికి ముందున్న పద్యం చూశారా? "ఇనుమయస్కాంత సన్నిధి నెట్లు భ్రాంతమగు" అని మొదలయ్యే తేటగీతి. అయస్కాంతం దగ్గర ఇనుము ఎలా తిరుగుతుందో, హరి సన్నిధిలో నా చిత్తం అలా అవుతోంది అంటాడు ప్రహ్లాదుడు. సంస్కృత భాగవతంలోనూ ఆ చోట ఇనుము పోలిక ఉంది (7-5-14). అక్కడ "ఎట్లు" ఉంది, "ఆ విధమున" ఉంది. ఉపమానం (దేనితో పోలుస్తామో అది), ఉపమేయం (దేన్ని పోలుస్తామో అది), సమానధర్మం (రెండింటికీ ఉమ్మడి గుణం), ఉపమావాచకం (పోలిక మాట) నాలుగూ కళ్ళ ఎదుట ఉన్నాయి. పూర్ణోపమ.

వెంటనే మందార పద్యం. ఇందులో "ఎట్లు" లేదు, "వలె" లేదు, "పోలె" లేదు. అందుకే మాలోపమ అనడం నాకు నప్పలేదు. నాలుగు పాదాల్లోని క్రియలు చూడండి: వోవునే, చనునె, చేరునే, అరుగునే. నాలుగింటికీ అర్థం ఒకటే, మాటలు మాత్రం నాలుగు. కింద ఎత్తుగీతిలో (సీసం చివర వచ్చే చిన్న పద్యంలో) చిత్తం ఇతరాన్ని ఎలా "చేరనేర్చు" అంటాడు. సమానధర్మం ఒకటే అయి, వేర్వేరు వాక్యాల్లో వేర్వేరు మాటలతో వస్తే అప్పయ్యదీక్షితుల కువలయానందం దాన్ని ప్రతివస్తూపమ అంటుంది. ఆ వాక్యాలు వరుస కట్టాయి కాబట్టి మాలారూపం. "ఉప్పు కప్పురంబు" పద్యంలో వేమన చేసింది వేరు. అక్కడ చూపుకు ఒకటిగా ఉండడం, రుచి వేరు కావడం ఒక వైపు. పురుషుల్లో పుణ్యపురుషులు వేరు కావడం ఇంకొక వైపు. ఒకటి బింబం, రెండోది ప్రతిబింబం. అది దృష్టాంతం.

అయితే ఈ పేరు దిద్దడం కూడా పత్రం కాదు. ఇక్కడి నుంచి చూడండి. ఇనుముకు ఇష్టం లేదు. అది లాగబడుతుంది, అంతే. తుమ్మెద అలా కాదు. దానికి రుచి తెలుసు. మందారం తేనె తాగింది కాబట్టి ఉమ్మెత్త దగ్గరకు పోదు. మొదటి పద్యంలో భక్తి దైవయోగం వల్ల జరిగిపోయేది. రెండో పద్యంలో రుచి ఎరిగి ఇంకొకటి వద్దనుకునేది. ఒకే నోట, వెంటవెంట, రెండు వేర్వేరు భక్తులు! పోలిక మాట ఉన్నచోట మొదటిది, లేనిచోట రెండోది. ఇది యాదృచ్ఛికమా, కవి ఎరిగి చేసిందా? ఇది ప్రశ్న. దీన్ని పట్టుకుని పది పేజీలు రాయవచ్చు.

ఇంకా దగ్గరగా వెళ్ళండి. తుమ్మెద మాధుర్యంలో "తేలు"తుంది, రాయంచ అలల మీద "తూగు"తుంది, కోయిల చిగురు తిని "చొక్కు"తుంది. తేలడం, తూగడం, చొక్కడం. మత్తు మెట్టుమెట్టుగా ఎక్కుతోంది. ఎత్తుగీతిలో "చింతనామృత పాన విశేష మత్త చిత్తము" అన్నప్పుడు "మత్త" అనే మాట ఆకాశం నుంచి ఊడిపడలేదు, మూడు పాదాల నుంచి సిద్ధమవుతూ వచ్చింది. నాలుగో పాదంలో చకోరం మాత్రం ఈ వరుసలో లేదు, అక్కడ "స్ఫురిత" అని వెన్నెల వెలుగు వచ్చింది. ఎందుకు? నాకు తృప్తి కలిగించే సమాధానం ఇప్పటికీ దొరకలేదు. మీ వాదానికి అడ్డం వచ్చే ఇలాంటి పాదాన్ని దాచకండి. పత్రంలో పెట్టండి. పరీక్షించేవారు ముందుగా వెతికేది దాన్నే.

వాక్యభాగం

పంతులుగారి మాటలకు కొనసాగింపుగా బైబిలు వైపు నుంచి కొంత చెబుతాను. నేను హీబ్రూ చదువుకున్నాను. అనువాదాలు సరిచూసే పనిలో ఉన్నాను.

తొలిపత్రం గారూ, మీ నోటుపుస్తకంలో రెండు ఉపమలు పక్కపక్కన ఉన్నాయి, కానీ అవి ఒక జాతివి కావు. 42:1లో హీబ్రూలోనూ పోలిక మాట ఉంది. దుప్పి అనే మాటకు ముందు "వలె" అర్థం ఇచ్చే "క" చేరింది, రెండో భాగం "కేన్" అంటే "అలాగే" అని మొదలవుతుంది. మన "నట్లు" మూలంలోనిదే. సామెతలు 25:25 అలా కాదు. మూలం దాదాపు ఇలా ఉంటుంది: "చల్లని నీళ్ళు అలసిన ప్రాణం మీద, మరియు మంచి కబురు దూరదేశం నుంచి." అంతే. ఎట్లు లేదు, అట్లు లేదు, ఉండును లేదు. రెండు బొమ్మల మధ్య "మరియు" అనే అర్థమిచ్చే ఒక్క అక్షరం, వావ్, ఉంది. మీరు ఉపమ అని గుర్తించిన ఆ ఎట్లు-అట్లు అనువాదకులవి. తెలుగు చెవికి వాక్యం పూర్తి కావాలని వారు చేర్చారు, తప్పు అనను. కానీ సామెత చెప్పినవాడు వినేవాడికి వదిలిపెట్టిన పనిని ఆ రెండు మాటలు చేసేశాయి.

కాబట్టి అనువాదం మీద మాత్రమే పని చేస్తే ఆ సంగతి మొదటి పేరాలోనే స్పష్టంగా రాయాలి: "నేను పరిశీలిస్తున్నది తెలుగు బైబిలు భాషను" అని. అది గౌరవమైన పరిశోధనే. మూలం గురించి మాట్లాడాలంటే మాత్రం పదానికి పదం అర్థం ఇచ్చే ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోక తప్పదు. అక్కడ ఒక చిన్న ఇబ్బంది ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. చాలా కీర్తనల్లో పైన ఉండే శీర్షికను హీబ్రూ ప్రతులు మొదటి వచనంగా లెక్కిస్తాయి. మీ 42:1 అక్కడ 42:2, మీ 19:1 అక్కడ 19:2. ఇది తెలియక నేను ఒకసారి సగం రోజు వేరే వచనం ముందు కూర్చున్నాను.

ఇక మీ ఖాళీ గడి. దానికి పేరు ఉంది, సమాంతరత. రాబర్ట్ లౌత్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఉపన్యాసాలు 1753లో లాటిన్‌లో అచ్చయ్యాయి. హీబ్రూ కవిత్వం ఇలా జంట పాదాలతో నడుస్తుందని వాటిలో వివరించి, అర్థం ఒకటే అయినవి, ఎదురైనవి, కూర్పు మాత్రమే ఉన్నవి అని మూడు రకాలు చేశాడు. 1981లో జేమ్స్ కూగెల్ అనే బైబిలు పండితుడు దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. రెండో పాదం మొదటిదాన్ని తిరిగి చెప్పదు, "అంతేకాదు, ఇంకా" అంటూ ముందుకు తోస్తుంది అన్నది అతని వాదన సారం. నాకు కూగెల్ వైపే మొగ్గు. మొదటి కీర్తన మొదటి వచనం చూడండి: నడువక, నిలువక, కూర్చుండక. లౌత్ కళ్ళతో చూస్తే మూడూ ఒకటే. వరుసగా చదివితే ఒక మనిషి నడుస్తూ నడుస్తూ ఆగి, చివరికి అక్కడే చతికిలబడడం కనిపిస్తుంది. పంతులుగారు చెప్పిన తేలు-తూగు-చొక్కు మెట్లు గుర్తుకు వచ్చాయి నాకు.

19:1లో ఇంకొక అందం ఉంది, తెలుగులో అది కనబడదు. హీబ్రూ పదాల వరుస ఇది: ఆకాశములు, వివరించుచున్నవి, దేవుని మహిమను, ఆయన చేతిపనిని, ప్రచురపరచుచున్నది, అంతరిక్షము. రెండో పాదం తిరగబడింది. రెండు చివర్లలో ఆకాశం, అంతరిక్షం. నడుమ మహిమ, చేతిపని. వాక్యం తానే ఒక కప్పులాగా వంగి, లోపల ఉన్నదాన్ని చుట్టుకుంది. మన భాషలో క్రియ చివరకు వస్తుంది కాబట్టి అనువాదకులు రెండు పాదాలనూ ఒకే వరుసలో పెట్టారు. ఆ వంపు పోయింది. 119వ కీర్తనకూ ఇదే జరిగింది. 22 అక్షరాలు, అక్షరానికి 8 వచనాలు, మొత్తం 176. ఒక్కొక్క గుంపులోని ఎనిమిదీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. తెలుగులో ఆ అక్షరాల పేర్లు ఆలెఫ్, బేత్ అని పైన అచ్చు వేస్తారు. మీ అమ్మమ్మగారు కూడా వాటిని చదివే ఉంటారు.

తొలిపత్రం

ఇద్దరికీ ఎంతో రుణపడి ఉన్నాను. అవును, అమ్మమ్మ ఆలెఫ్, బేత్ అని కూడా చదివేది. అవి ఎవరో మనుషుల పేర్లు అనుకునేదాన్ని.

పంతులుగారూ, ఒక సందేహం. ప్రతివస్తూపమలో ఒకే ధర్మం వేర్వేరు మాటల్లో వస్తుంది అన్నారు. 19:1లో కూడా వివరించుట, ప్రచురపరచుట ఒకే అర్థం, వేర్వేరు మాటలు. అయితే సమాంతరతను ప్రతివస్తూపమ అని రాయవచ్చా? రాయగలిగితే రెండు గ్రంథాలకూ ఒకే పేరు దొరుకుతుంది.

పాతపంతులు

ఆశ పడకండమ్మా. మాటలు మారి అర్థం ఒకటిగా ఉండడం రెండింటికీ సమానమే. కానీ ప్రతివస్తూపమలో ఒక వాక్యం ఉపమేయం, ఒకటి ఉపమానం. తుమ్మెద వేరు, చిత్తం వేరు. ఆకాశం, అంతరిక్షం అలా రెండు వేర్వేరు వస్తువులు కావు, ఒకదానితో ఇంకొకదాన్ని పోల్చడం లేదు. కువలయానందంలోనే ఆవృత్తిదీపకం ఉంది, అందులో అర్థావృత్తి అని ఒక భేదం: మాట మారి అర్థం మళ్ళీ రావడం. 19:1కి అది కొంత దగ్గర. అయినా దగ్గర అనే రాయండి, అదే అని రాయకండి. ఆ శాస్త్రం ఆ కవిత్వాన్ని చూసి పుట్టింది కాదు. ఎక్కడ కొలత సరిపోయింది, ఎక్కడ వదులైంది, ఎక్కడ బిగిసింది అని చెప్పగలిగితే అదే మీ పత్రానికి విలువ.

నిరుక్తప్రియ

ఈ చర్చ చదువుతుంటే ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పోలిక మాట ఉందా, లేదా అన్నది వేదవ్యాఖ్యాతలకు చాలా పాత ప్రశ్న. ఋగ్వేదంలో "న" అనే ఒకే మాటకు "కాదు" అనీ అర్థం, "వలె" అనీ అర్థం. ఎలా తేల్చాలో యాస్కుడు, వేదపదాల అర్థాలు వివరించే తన నిరుక్తం మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. నిషేధించేదానికి ముందు వస్తే కాదు అని, పోల్చేదానికి తరువాత వస్తే వలె అని. "నేంద్రం దేవమమంసత" అంటే ఇంద్రుణ్ణి దేవుడిగా ఎంచలేదు. "దుర్మదాసో న సురాయామ్" అంటే కల్లు తాగి మత్తెక్కినవారి వలె. ఒక్క అక్షరం ఏ పక్కన ఉందో చూడకపోతే పోలిక కాస్తా నిషేధం అయిపోతుంది.

ఇప్పుడు పోతన పద్యం చూడండి. "వోవునే" అంటే పోదు అనే కదా. అక్కడ "కాదు" అనే మాట "వలె" చేయవలసిన పని చేస్తోంది. వేదంలోని "న"కు, పోతన ప్రశ్నకు వంశసంబంధం ఉందని నేను అనడం లేదు, మీరూ అలా రాయకండి. కానీ పోలికకు, కాదనడానికి మధ్య ఏదో చుట్టరికం ఉందని మాత్రం ఈ రెండు చోట్లా అనిపిస్తుంది.

భగవద్గీత 6-19 కూడా మీ దగ్గర ఉంచుకోండి. గాలి లేనిచోట దీపం కదలదు అని చెప్పి, "సోపమా స్మృతా", అది ఉపమ అని శ్లోకమే తన పేరు చెప్పుకుంటుంది. దానికి పూర్తిగా ఎదురు ముండకోపనిషత్తులోని రెండు పక్షులు. ఒకటి పండు తింటుంది, ఒకటి తినకుండా చూస్తుంది. ఆ మంత్రంలో జీవుడు, ఈశ్వరుడు అన్న మాటలే లేవు. ఉపమేయాన్ని ఉపమానం పూర్తిగా మింగేసింది. ఒకటి అన్నీ విప్పి చెబుతుంది, ఒకటి ఏదీ చెప్పదు. మీ విషయం ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంది.

వాక్యభాగం

ఒక్క మాట. ఇవన్నీ ఒకే పత్రంలో పెట్టే ప్రయత్నం చేయవద్దు. నిరుక్తం, గీత, ఉపనిషత్తు, 119వ కీర్తన అన్నీ ఊరిస్తాయి. మొదటి పత్రానికి నాలుగు భాగాలు చాలు: పోతనవి రెండు పద్యాలు, 42:1, సామెతలు 25:25. మిగిలినవి ఆ నోటుపుస్తకంలోనే భద్రంగా ఉంటాయి.

తొలిపత్రం

వారం పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను. వాక్యభాగం గారు చెప్పిన నాలుగే తీసుకున్నాను. పంతులుగారు చెప్పినట్టు మొదట అలంకారం తీసేసి వచనంలో రాశాను. మందార పద్యం ఇలా వచ్చింది: "హరిని తలచిన మనసు వేరొకదానికి పోదు." ఐదు మాటలు. పక్కన పద్యం పెట్టి చదివాను. నా వాక్యంలో నేను చెబుతున్నాను. పద్యంలో ప్రహ్లాదుడు అడుగుతున్నాడు, నాలుగుసార్లు, నాలుగుసార్లూ నేనే లోపల "పోదు" అన్నాను. ఐదోసారి చిత్తం దగ్గరకు వచ్చేసరికి కాదనడానికి నాకు చోటు మిగలలేదు. సామెతలు 25:25ను ఎట్లు, అట్లు తీసేసి చదివితే అక్కడా అంతే. నీళ్ళకు, కబురుకు ముడి నేనే వేయవలసి వచ్చింది.

పత్రం పేరు మార్చాను: "పోలిక మాట లేని పోలిక: వినేవారికి మిగిలే పని." మొదటి వాక్యం ఇది: "ప్రహ్లాదుడు ఇనుమును గురించి చెప్పాడు, తుమ్మెదను గురించి అడిగాడు, ఈ రెండు క్రియల మధ్య తేడాయే ఈ పత్రం పరిశీలించే విషయం." తెలుగు బైబిలులోని ఎట్లు-అట్లు అనువాదకులు చేర్చినవని రెండో పేరాలోనే చెప్పాను, వచన సంఖ్యల తేడా కూడా రాశాను. చకోరం ఉన్న పాదానికి ఒక పేరా కేటాయించాను, నాకూ సమాధానం దొరకలేదు కానీ ప్రశ్న ఉన్నది ఉన్నట్టు పెట్టాను.

నిన్న ఆ నాలుగు పేజీలు చూపించాను. ఈసారి పెన్సిలు గుర్తు మూడో పేజీలో ఉంది, "లాగబడడం, ఎంచుకోవడం" అన్న చోట. పక్కన రాసినది ఇది: "42:1లో దుప్పికి దాహం. అది లాగబడుతోందా, ఎంచుకుంటోందా?" రాత్రి నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను. దాహం ఇనుముదీ కాదు, తుమ్మెదదీ కాదు అనిపిస్తోంది. తుమ్మెద తాగింది, దుప్పి ఇంకా తాగలేదు.

పాతపంతులు

ఆ చివరి వాక్యాన్ని పత్రంలో పెట్టండమ్మా. ఉన్నది ఉన్నట్టుగా.